ఇనప తొట్టిలో గాలి

ధాత కరువు రెండో ఏడు ఆత్మకూరు గంజి శిబిరంలో వాంతిభేది మొదలైంది. గుంట నీళ్లు తాగొద్దన్నారు. బావినీళ్లు నిలవ పెట్టుకోవడానికి నెల్లూరు నుంచి ఓడలో మంచినీళ్లు నిలవ చేసే పాత తొట్టి ఒకటి బండి మీద వచ్చింది. నిలువెత్తు ఇనప తొట్టి. పైన మనిషి కష్టం మీద దూరగలిగేంత గుండ్రటి నోరు, దానికి బిగించిన మూత. ఎన్నాళ్లుగా మూసి ఉందో, విప్పేసరికి అడుగున మురుగు నీళ్లు, గోడలనిండా పెచ్చులు కట్టిన తుప్పు.

శుభ్రం చెయ్యమని కొండలయ్యను పిలిచాడు శిబిరం మేస్త్రీ. కొండలయ్యది సీతారామపురం, కరువుకు ముందు బావులు తవ్వి బతికినవాడు. వెంట భార్య ఓబులమ్మ, ఆమె తమ్ముడు మాలకొండయ్య వచ్చారు.

కొండలయ్య తాడుకు దీపం కట్టి లోపలికి దించాడు. సగం దిగకముందే ఆరిపోయింది.

"లోపల గాలి చెడిపోయి ఉండాది. రేపటిదాకా మూత తీసి పెడదాం."

"పొద్దున్నించి పదకొండు మంది పోయినారు. రేపటిదాకా ఏం తాగమంటావు వీళ్లని?" అన్నాడు మేస్త్రీ.

ఇద్దరూ వాదించుకుంటుండగానే మాలకొండయ్య తొట్టెక్కాడు. "నేను సన్నంగా ఉండాను బావా, బిన్నా గీకేసి చిటికెలో వస్తా."

"దిగబాకురా!" అని కొండలయ్య అరిచేలోగా దిగిపోయాడు. నాలుగుసార్లు గీకిన చప్పుడు. తర్వాత నీళ్లలో ఏదో పడ్డట్టయింది.

కొండలయ్య నడుముకు తాడు బిగించాడు. ఓబులమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు గూడా పోతే నాకెవరుండారు?"

"తాడు నీ చేతిలోనే ఉండాది. కదిలిస్తే లాగు."

ఊపిరి బిగబట్టి దిగాడు. మాలకొండయ్య చంకల కింద ఇంకో తాడు వేసి పైకొచ్చాడు. అందరూ కలిసి లాగారు. అప్పటికే ప్రాణం లేదు. ఓబులమ్మ కొంగుతో తమ్ముడి మూతికంటిన తుప్పు తుడిచింది.

కొండలయ్య మేస్త్రీ మొహం చూడకుండా అన్నాడు: "కమ్మరి కొలిమి తిత్తి తెప్పించు."

తిత్తికి వెదురు గొట్టం తగిలించి తొట్టి అడుగుకు దించారు. ఓబులమ్మే ఊదింది. పక్కనే గోనె కప్పిన తమ్ముడి శవం. దీపం ఆరకుండా నిలిచాక కొండలయ్య దిగాడు. నీళ్లు తోడి, తుప్పు గీకి, పొద్దు వాలేసరికి పైకొచ్చాడు.

ఓబులమ్మ ఇంకా ఊదుతూనే ఉంది.

"చాల్లే, వచ్చేసినాను."

ఆమెకు వినపడలేదు. అతనే ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశాడు.

శిబిరంలో శవం మోసే ఓపిక ఎవరికీ లేదు. వాళ్లిద్దరే చెరొకవైపు పట్టుకుని ఏటిగట్టుకు నడిచారు.