గోరింటాకు బొట్టు ఉన్న పొట్టేలు

పిల్లలకు పశువులనీ పంటలనీ దగ్గరగా చూపించి నేర్పించే తోట అది. ట్యూనిస్ నగరం దాటాక మోర్నాగ్ అనే ఊళ్ళో ఆలివ్ చెట్ల మధ్య ఉంది. అందరూ నేర్చుకోవడానికి వచ్చారు కానీ షైమా మాత్రం బుర్నుస్‌ని వెతుక్కోవడానికి వచ్చింది.

బుర్నుస్ అంటే వాళ్ళ ఇంటి నిరుటి పొట్టేలు. బక్రీదు పండగకి ముందు వారం రోజులు మేడ మీదే ఉంది. షైమా దానికి రొట్టె తినిపించింది, అమ్మ షాంపూ అంతా ఒలకబోసి స్నానం చేయించింది. నానమ్మ జొహ్రా పక్కన కూర్చుని దాని నుదుట గోరింటాకు బొట్టు కూడా తనే పెట్టింది. పండగనాడు నిద్ర లేచి చూస్తే మేడ మీద తాడు మాత్రమే ఉంది.

"తోటకి వెళ్ళిపోయిందమ్మా, వాళ్ళమ్మ దగ్గరికి," అన్నాడు నాన్న వజ్దీ.

ఏ తోట అని పిల్ల అడుగుతుందని ఆ పెద్దమనిషికి తట్టలేదు. అడిగింది. ఏడాదంతా ప్రాణం తోడేసింది. చివరికి ఈ తోట పేరు చెప్పి బయటపడ్డాడు. కుందేళ్ళనీ బాతులనీ చూస్తే పొట్టేలు సంగతి మర్చిపోతుందనుకున్నాడు, పాపం.

తోట చూపించే నజీహాని షైమా ఊపిరి తీసుకోనివ్వలేదు. కోడి నిద్రలో కొమ్మ మీంచి ఎందుకు పడిపోదు? మేక గడ్డం ఎవరు గీస్తారు? అమ్మ చంకలో ఉన్న తమ్ముడు మాత్రం గాడిదతో సహా అన్నిటినీ "కోడి!" అంటూ మురిసిపోతున్నాడు. నజీహా గొర్రె దగ్గర కూర్చోబెట్టి పాలు పిండడం నేర్పింది. పొదుగు ఆడదానికే ఉంటుందనీ, తమ మందలో మెలి తిరిగిన కొమ్ములు పొట్టేళ్ళకే వస్తాయనీ చెప్పింది.

పాలచేతులు గౌనుకి తుడుచుకుని షైమా మందలోకి దూరింది. సంచిలో దాచి తెచ్చిన రొట్టె ముక్క పట్టుకుని ఒక్కొక్కదాని నుదురూ చూస్తూ పోయింది. వెతికేకొద్దీ పిల్ల మొహం చిన్నబోయింది. వజ్దీ ఇక చూడలేకపోయాడు.

"అదిగో బంగారం! నుదుట ఎర్రబొట్టు చూడు. అదే మన బుర్నుస్!"

షైమా పరిగెత్తింది. మందకి గుర్తుగా రాసిన ఆ రంగుబొట్టు తడిమింది. తర్వాత గొంతుక్కూర్చుని కిందకి తొంగి చూసింది.

"నాన్నా, దీనికి పొదుగుంది."

"ఆఁ... ఉంటే?"

"బుర్నుస్‌కి కొమ్ములుండేవి. తోటకొస్తే కొమ్ములు ఊడిపోయి పొదుగొస్తుందా?"

నజీహా నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. వజ్దీ తమతో వచ్చిన తన తల్లి వైపు చూశాడు.

"నా వైపు చూడకురా," అంది నానమ్మ. "నువ్వు చుట్టుకున్నావు, నువ్వే విప్పుకో."

షైమా లేచి నిలబడింది. "అది ఇక్కడికి రానే లేదు కదూ?"

వజ్దీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సిగ్గుతో మొహం కందిపోయింది. "రాలేదు తల్లీ. పండగకి కోశాం. మనం తిన్నాం, లేనివాళ్ళకి పంచాం."

ఏడుస్తుందనుకున్నారు. ఆ పిల్ల కళ్ళు చిట్లించి ఆలోచనలో పడింది.

"నేను కూడా తిన్నానా?"

"తిన్నావు."

"బాగుందన్నానా?"

ఇంకో అబద్ధం వజ్దీ నాలిక చివరిదాకా వచ్చింది కానీ మింగేశాడు.

"అన్నావమ్మా. మళ్ళీ పెట్టమన్నావు."

షైమా చేతిలోని రొట్టె ముక్క వైపు చూసింది. దాన్ని బొట్టున్న గొర్రెకి పెట్టింది. అది నమిలేదాకా నిలబడి, తర్వాత వచ్చి నాన్న వేలు పట్టుకుంది.

"ఈసారి తెచ్చే పొట్టేలుకి కూడా గోరింటాకు నేనే పెడతాను," అంది. "కానీ నాన్నా, తోటకి పంపిస్తామని దానికి మాత్రం చెప్పకు."