గ్రానైట్ మీద గీత పడకూడదు

మా కాపురం మొదలైన వారానికే మా ముందు గదిలో క్యారమ్ బోర్డు, డ్రమ్ములు, డంబెల్స్, వాటి వెంట యువజన సంఘం మొత్తం కాపురం పెట్టాయి.

"కొద్ది రోజులే," అన్నారు మా ఆయన. (మా ఆయన! ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు నవ్వు ఆగదు.) ఆయన సంఘానికి కార్యదర్శి. ఇన్నాళ్లూ సంఘం ఓ రేకుల పాకలో నడిచింది. వానొస్తే లోపల గొడుగులు వేసుకుని మీటింగు పెట్టేవాళ్లట. దాన్ని కూల్చి అక్కడే భవనం కట్టాలనుకున్నారు. ముందు కూల్చారు. కుర్రాళ్లు ఎక్కడ కూర్చుంటారన్నది ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఆలస్యంగా గుర్తు రాకేం చేస్తుంది? భవన కమిటీలో మచ్చుకైనా ఓ కుర్రాడు లేడు. యువజన సంఘం అధ్యక్షులు మా పెద్దమావగారికి మోకాళ్ల నొప్పులు. ఉపాధ్యక్షులకి కట్టుడు పళ్లు. కోశాధికారి మీటింగు మొదలవగానే కునుకు తీసి, చప్పట్లకి లేచి తనూ కొడతారు. ఒకరి కోరికను ఇంకొకరు కాదనరు, రేపు తమది కాదంటారేమోనని. అలా ప్లానులో అధ్యక్షుల గది వచ్చింది. అది చూసి ఉపాధ్యక్షుల గది వచ్చింది. అతిథుల గది, కార్లకి నీడ వచ్చాయి. మిగిలిన చోట గ్రానైట్ హాలు.

ఇక్కడ మా ఇంట్లో "వదినా, రావచ్చా?" అని అడుగుతూనే వచ్చేసేవాళ్లు. తడి జుట్టుతో గదిలోకొస్తే ఎవడో డంబెల్స్ ఎత్తుతుండేవాడు. మేమిద్దరం ఓ మాట చెప్పుకోవాలంటే వంటింట్లో బియ్యం డబ్బా పక్కన నిలబడి గుసగుసలాడాలి. అదీ బాగానే ఉండేది, అబద్ధమెందుకు? కానీ నాకు నా గది కావాలి. కిటికీకి నేనే కుట్టిన పసుపు తెర వెనక, పట్టపగలు, మా ఆయన పక్కన ఊరికే కూర్చోవాలి.

ప్రారంభానికి ముందు రోజు పెద్దమావగారు వచ్చారు.

"హాలు ఫంక్షన్లకే అమ్మాయ్. మిగతా రోజుల్లో తాళం వేస్తాం."

"మరి వీళ్లు?"

"వీళ్లకేం, మీ ఇల్లుందిగా! బాగా అలవాటు పడ్డారు. ఈ గాడిదలు దిగితే గ్రానైట్ మీద గీతలు పడవూ?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశారు. పెదనాన్న ఎదుట ఆయన నోట్లో నాలుకుండదు.

"అడగరేం?" అన్నాను, పెద్దమావగారు వెళ్లాక.

"పెద్దవాళ్లు..."

"పెద్దవాళ్లే. అందుకే యువజన సంఘం నడుపుతున్నారు కాబోలు!"

మర్నాడు ప్రారంభంలో కొత్త కోడలి చేత హాలు తలుపు తీయిస్తే కళగా ఉంటుందని పెద్దమావగారికే తోచింది. అందరి ముందూ తాళం చెవి నా చేతికిచ్చారు. తీశాను. చప్పట్లు. కోశాధికారి ఉలిక్కిపడి లేచి, అందరికంటే గట్టిగా కొట్టారు.

పెద్దమావగారు చెయ్యి చాచారు. నేను చెవిని కొంగున ముడివేసి బొడ్లో దోపుకున్నాను.

"చెవి ఇలా ఇవ్వమ్మాయ్."

"నా దగ్గరే ఉంటుంది పెద్దమావయ్యగారూ. కావాలంటే మా ఇంటికొచ్చి అడగండి, ఎలాగూ అందరూ అక్కడికి రావడానికి అలవాటు పడ్డారుగా," అని గుమ్మం వైపు తిరిగి, "తెండర్రా!" అన్నాను.

క్యారమ్ బోర్డు వచ్చింది. డ్రమ్ములొచ్చాయి. నలుగురి ముందు కొత్త కోడల్ని కసరలేక పెద్దమావగారి ముఖం కందగడ్డలా అయింది.

"గీతలు! గీతలు పడతాయిరా!"

"పడింది పెదనాన్నా," అన్నారు మా ఆయన. ఈసారి ఫ్యాను వైపు చూడలేదు. "అదిగో, గుమ్మం నుంచి మీ గది దాకా. నిన్న మీ కుర్చీ ఈడ్చినప్పుడు పడింది."

అందరూ వంగి చూశారు. అబ్బ, ఎంత పొడుగు గీత! ఉపాధ్యక్షులు మరీ వంగి చూసి, పళ్లు జారకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఈలోగా ఎవడో క్యారమ్ పౌడరు చల్లేశాడు.

ఇంటికొచ్చి చూస్తే ముందు గది ఎంత పెద్దదో! మధ్యలో కాళ్లు చాపుకుని కూర్చున్నాం. తెర పసుపు రంగు ఆయన ముక్కు మీద పడింది.

"రేపు పెదనాన్న వచ్చి చివాట్లు పెడతారు," అన్నారు.

"పెట్టనీండి. కూర్చోబెట్టడానికి ఇప్పుడు చోటుందిగా."