రేపల్లెలో ఆగిన సైకిల్

వెంకటరత్నం తెనాలిలో డ్రిల్లు మాస్టారు. వయసులో ఉండగా కొలకలూరు బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఆడినవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, మీనాక్షి. తొమ్మిదో ఏట ఆ పిల్లకు షుగరు వ్యాధి వచ్చింది. రోజూ ఇన్సులిన్ సూది పడితేగాని బతకలేని రకం. తొంభైలో వచ్చిన తుపానుకు కరెంటు పోయి, షాపుల్లో ఉన్న మందంతా పాడైంది. చెట్లు కూలిన దారిలో పిల్లను గుంటూరు చేర్చేసరికే ఆలస్యమైపోయింది.

గుంటూరులో మీనాక్షికి వైద్యం చేసిన డాక్టరు వేంకటసుబ్రహ్మణ్యం, పసిపిల్లలకు ఈ జబ్బు ఎందుకొస్తుందో తేల్చాలని ఊళ్లు తిరిగి రక్త నమూనాలు సేకరించేవాడు. వాటిని పరీక్ష చేయించే స్తోమత లేక ఆ పరిశోధన మూలపడింది. ఆ సంగతి తెలిసిన రోజు వెంకటరత్నం ఇంటికొచ్చి భార్యతో అన్నాడు:

"తెనాలి నుంచి బాపట్ల, అక్కణ్ణుంచి రేపల్లె, మళ్లీ తెనాలి. ఒక్క రోజులో సైకిల్ తొక్కుతా. వచ్చిన చందా డాక్టరు గారికి ఇద్దాం."

రాఘవమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు.

"పోయిన పిల్ల తిరిగొచ్చిద్దా?"

"రాదు."

"మీకు యాభై దగ్గర పడ్డాయి. దారిలో మీకేమన్నా అయితే నేనెవర్ని చూసుకుని బతకాలి?"

ఆయన అయినా ఊరుకోలేదు. చందాల కోసం తిరిగినప్పుడు రైసు మిల్లు బ్రహ్మానందం నవ్వి, "మొత్తం తొక్కి వస్తే పరీక్షల ఖర్చులో సగం నాది మాస్టారూ. మధ్యలో దిగితే మాత్రం పైసా ఇవ్వను," అన్నాడు. ఆ మాట మీదే డాక్టరు ఆశ పెట్టుకున్నాడు.

మాఘమాసంలో ఒక ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరాడు. పొన్నూరులో టీ కొట్టు దగ్గర ఎవరో, "తీపి ఎక్కువ తింటే వచ్చే జబ్బుకి చందాలేంటండి?" అన్నారు. "మా అమ్మాయి తొమ్మిదేళ్లదండి. అంత తీపి ఎప్పుడు తినుద్ది?" అని మళ్లీ పెడలు మీద కాలు పెట్టాడు. బాపట్లలో దండలు బాగానే పడ్డాయి, చందాల హుండీలో మాత్రం చిల్లర పడింది. అక్కడి నుంచి అంతా ఎదురుగాలే. చెరుకుపల్లి దాటాక పిక్క పట్టేసి కిందపడ్డాడు. మోకాలు దోక్కుపోయింది. పొద్దు వాలేవేళకు రేపల్లె బస్టాండు చేరాడు.

అక్కడ గోడ నీడలో చేపలమ్ముకునే దానమ్మ కూతుర్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. సైకిల్‌కి కట్టిన గుడ్డ మీద షుగరు వ్యాధి అని ఎవరో చదివి చెప్పగానే లేచి అడ్డం వచ్చింది.

"మా ప్రేమకుమారికీ అదే జబ్బు బాబయ్యా. మందయిపోయి నాలుగు రోజులైంది. మీ దగ్గర ఉందా?"

"ఇది మందు కోసం కాదమ్మా. జబ్బు ఎందుకొస్తుందో కనిపెట్టడానికి."

"ఎప్పటికి కనిపెడతారు?"

"తెలియదు."

"అందాకా నా బిడ్డ ఉండాలి గదా!"

ఆయన వంగి పిల్లను చూశాడు. ఎగపీలుస్తూ లోతుగా ఊపిరి తీస్తోంది. నోట్లోంచి మగ్గిపోయిన పండు వాసన. మీనాక్షిని బండిలో పడుకోబెట్టిన రోజు విన్న ఊపిరే అది. ఇక్కడ ఆగితే బ్రహ్మానందం ఇవ్వడు. ఆయన ఇవ్వకపోతే పరీక్షలు జరగవు. అంతా తెలిసే సైకిల్‌ని టీ కొట్టు గోడకు ఆనించి, టాక్సీ కోసం పరిగెత్తాడు.

గుంటూరులో డాక్టరు ఆ రాత్రంతా పిల్ల పక్కనే ఉన్నాడు. తెల్లారి ప్రేమకుమారి కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది.

తెనాలిలో మాత్రం మాస్టారు సగంలో చేతులెత్తేశాడని చెప్పుకున్నారు. బ్రహ్మానందం కూడా, "నేనేం చేసేది మాస్టారూ, మాట మాటే గదండి," అన్నాడు. హుండీలో వచ్చినదానితో కొన్ని నమూనాల పరీక్ష మాత్రమే జరిగింది. వాటితో ఏదీ తేలలేదని డాక్టరే చెప్పాడు. చెప్పేటప్పుడు మాస్టారి ముఖం చూడలేకపోయాడు.

ఆ పిల్లకు కావలసిన మందు మాస్టారే పంపుతూ వచ్చాడు. సూది వేయడం రాఘవమ్మ రేపల్లె వెళ్లి దానమ్మకు నేర్పి వచ్చింది. అట్లా రెండు వానాకాలాలు గడిచాయి. మూడో వానాకాలంలో ప్రేమకుమారికి జ్వరం తగిలింది. ఈసారి మందు ఉన్నా నిలవలేదు.

దినాలు కాగానే దానమ్మ తెనాలి వచ్చి గుమ్మంలో నిలబడింది. విషయం చెప్పింది. ఏడవలేదు. మాస్టారిని అడిగింది:

"మళ్లీ తొక్కుతారా సారూ?"

"ఇంకా అనుకోలేదమ్మా."

"తొక్కండి. రేపల్లెలో ఇంటింటికీ నేను తిరుగుతా. నా బిడ్డ ఎట్టా పోయిందో చెబుతా. వింటే వింటారు."

రాఘవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి పీట వేసింది. కంచంలో అన్నం పెట్టింది. దానమ్మ ఒక్క ముద్ద తిని కంచం పక్కకు జరిపి, రేపల్లెలో ఏ వీధి నుంచి మొదలుపెట్టాలో చెప్పసాగింది.