రెండడుగుల గొట్టం

బడి హాల్లో ఉన్నవన్నీ చిన్నపిల్లల బెంచీలే. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్న ఆ వీధివాళ్లకు అప్పటికే ఒళ్లు మండిపోతోంది. ఎదురుగా బల్ల మీద గాజుపెట్టెలో నాలుగు తొమ్మిదంతస్తుల భవనాలు, వాటి చుట్టూ స్పాంజితో చేసిన చెట్లు. వీధి చివరి ఖాళీ స్థలంలో నూట ఎనభై ఇళ్లు కట్టబోతున్నామని, అందరి సందేహాలూ తీర్చడానికే వచ్చామని కంపెనీ మేనేజరు మొదలుపెట్టి అరగంటైంది. ఒక్క సందేహమూ తీరలేదు.

“మా ఇళ్ల మీద ఎండ పడదు, ఒప్పుకున్నాం. గాలి ఆడదు, అదీ ఒప్పుకున్నాం,” అంటూ లేచాడు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన. వీధంతా ఆయన్ని ‘లా పాయింటు’ అంటారు. “ఇంతకీ మీ నూట ఎనభై కార్లూ మా పన్నెండడుగుల సందులోంచే పోతాయా, లేక రెక్కలు కట్టుకుని ఎగిరిపోతాయా?”

“రోడ్డు విషయం పరిశీలనలో ఉందండీ.”

“పరిశీలన అంటే?”

“అంటే... పరిశీలిస్తున్నామని.”

హాలంతా గొల్లుమంది. అది సరదా నవ్వు కాదు. వెనక నుంచి ఎవరో “దిగిపోవయ్యా!” అని అరిచారు.

మేనేజరు పక్కన ఇంజినీరు తల వంచుకుని కూర్చుంది. వానొస్తే ఆ స్థలంలో పడ్డ నీరు ఎటు పోవాలో లెక్క కట్టడం ఆమె పని. ఈ వీధి ఆమెకు కొత్త కాదు. పదేళ్లప్పుడు తల్లి పోతే, ఇక్కడే పెద్దమ్మ ఇంట్లో పెరిగింది. ఆ పెద్దమ్మ ఇప్పుడు మూడో బెంచీలోంచి లేచింది.

“ఇంజినీరు గారూ!”

ఒక్కసారిగా హాలు సద్దుమణిగింది. పాతికేళ్లుగా ‘చిట్టీ’ తప్ప ఇంకో పిలుపు ఎరగని నోట్లోంచి వచ్చిన ఆ ‘గారు’ ఇంజినీరుకు చెంపదెబ్బలా తగిలింది.

“మీరు మట్టి పోసి మెరక చేస్తారట. మా వీధి పల్లం. గట్టి వాన కొడితే మా వంటింట్లోకి నీళ్లొస్తాయా, రావా?”

మేనేజరు మైకు లాక్కున్నాడు. “చుక్క కూడా రాదమ్మా! మా రిపోర్టులో స్పష్టంగా ఉంది.”

“నిన్నడగలేదు నాయనా. రిపోర్టు రాసినావిడ్ని అడుగుతున్నా.”

రిపోర్టులో ఏముండేదో ఇంజినీరుకు తెలుసు. వీధి కింద ఉన్నది రెండడుగుల వెడల్పున్న వాననీటి గొట్టం. వీధికే బొటాబొటీగా సరిపోతుంది. పెద్ద కాలువ దాకా నాలుగడుగుల గొట్టం వేశాకే పునాది తీయాలని ఆమె రాసింది. ఆ పేజీని మేనేజరు తీసేసి, “అది తర్వాత చూద్దాంలే” అన్నాడు. మిగతా కాగితాల మీద ఆమె మారు మాట్లాడకుండా సంతకం పెట్టింది.

“రాదని చెప్పి కూర్చో,” మేనేజరు పళ్ల బిగువున అన్నాడు.

ఆమె లేచింది.

“వస్తాయి పెద్దమ్మా. గొట్టం సరిపోదు. మోకాలిలోతు రావచ్చు.”

బెంచీలు కిర్రుమన్నాయి. అందరూ ఒక్కసారే లేచి మేనేజరు మీద విరుచుకుపడ్డారు. ఆ గోలలో ఇంజినీరు మాత్రం పెద్దమ్మ ముఖం వంకే చూసింది. అక్కడ కొంచెమైనా మెత్తదనం కనిపిస్తుందని ఆశ.

“ఎప్పట్నుంచి తెలుసు?” అంది పెద్దమ్మ.

“రెండు నెలల్నుంచి.”

“రెండు నెలలు! ప్రతి ఆదివారం వచ్చి, ఆ వంటింట్లోనే కూర్చుని, నా చేతి ముద్ద తిని వెళ్లావు. ఒక్క ముక్క చెప్పలేదు. ఇవాళ నేను నిలబెట్టి అడక్కపోతే ఎప్పటికీ చెప్పేదానివి కాదన్నమాట!”

ఆమె నిజంగానే చెప్పేది కాదు.

లా పాయింటు ఆలస్యం చేయలేదు. అక్కడికక్కడే కాగితం మీద నాలుగు ముక్కలు గీకి ఆమె ముందు పెట్టాడు. “ఇప్పుడన్నదే రాశాను. సంతకం పెట్టండి.” పెట్టింది. కాగితం లాక్కుని, కృతజ్ఞత మాట అటుంచి, ఆమె ముఖమైనా చూడలేదు. గుమ్మం దగ్గర ఎవరూ దారివ్వలేదు. ఒంటిని పక్కకు తిప్పుకుని అందర్నీ రాసుకుంటూ బయటపడింది. “కడుపులో పెట్టుకుని పెంచితే ఇదీ ఫలితం!” అని వెనక ఒకావిడ అందరికీ వినబడేలా అంది.

కంపెనీ కారు ఆమెను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. మర్నాడు ఉద్యోగమూ పోయింది.

ఆ కాగితం చూపించి వీధివాళ్లు ఫిర్యాదు చేస్తే, భవనాల అనుమతి ఎనిమిది నెలలు ఆగింది. చివరికి కంపెనీ కొత్త గొట్టం వేసింది, భవనాలూ లేపింది. ఎండ పోనే పోయింది. పెద్దమ్మ ఒక్కసారి కూడా ఫోనెత్తలేదు.

ఆ తర్వాతి ఏడు మొదటి పెద్దవానకు ఇంజినీరు ఆ వీధికి వెళ్లి పెద్దమ్మ ఇంటి ముందు నిలబడింది. నీళ్లు సుడి తిరుగుతూ ఇనుప జాలీలోంచి కొత్త గొట్టంలోకి దిగిపోతున్నాయి. గుమ్మంలోకి వచ్చిన పెద్దమ్మ ముందు జాలీ వైపు చూసింది, తర్వాత ఆమె వైపు.

“తడుస్తున్నావు. వెళ్లు,” అని తలుపేసుకుంది.