ఏడుపు వినిపించని గది

నా కూతురు నన్ను ఎప్పటికీ "అమ్మా" అని పిలవదేమోనని నా భయం. అంతకు మించిన భయం నాకు లేదు. దానికి రెండేళ్ళు నిండాయి. పుట్టినప్పుడు తల మీద ఒక్క వెంట్రుక లేదని 'గుండు' అన్నాం. జుట్టొచ్చింది, ఆ పేరు పోలేదు, మాట మాత్రం రాలేదు.

నేను బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేదాన్ని. గేటు పక్కనే పిల్లల గది. ఆరో నెల నుంచీ గుండుని పొద్దున ఎనిమిదింటికి అక్కడి ఆయమ్మకి అప్పజెప్పి మిషను ముందు కూర్చుంటే, మళ్ళీ భోజనం వేళకే చూడటం. ఎప్పుడు చూసినా నిద్రలోనే ఉండేది. ఇరవై మంది పిల్లలున్న గది, చీమ చిటుక్కుమన్నా వినిపించేది. అంతా ఆయమ్మ చేతి చలవ అనుకునేవాళ్ళం. పిల్లని అంత బుద్ధిగా ఉంచుతోందని, మిగిలిన ముక్కలతో ఆవిడకి పూల సంచి ఒకటి కుట్టిచ్చాను కూడా.

పక్క మిషను పొడుగక్క నవ్వేది. "మా ఆయన నోరు కూడా అలా మూయించమని అడగవే. రెండు సంచులు కుట్టిస్తా."

ఇంటికొచ్చినా గుండు మగతగానే ఉండేది. ఒళ్ళు హూనమై వచ్చే నాకు అది సుఖంగానే ఉండేది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

టీకాకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఎన్ని మాటలు వచ్చని అడిగింది. "మా ఇంట్లో అందరికీ ఆలస్యమేనండీ" అన్నాను. చెవులు పరీక్ష చేయించింది. బాగానే వినిపిస్తోందట.

"పగలు ఎంతసేపు మెలకువగా ఉంటుంది?"

కన్నతల్లిని, నాకు తెలియదు.

ఆవిడ కోప్పడలేదు. "కాలరు కుట్టడం నీకు ఎన్నాళ్ళలో వచ్చిందమ్మా?" అంది.

"మూడు నెలలండీ. మొదట్లో వేలు కూడా కుట్టుకున్నా. ఇప్పుడు కళ్ళు మూసుకుని కుడతా."

"నేర్చుకున్నది నీ వేళ్ళు కాదు, మెదడు. రోజూ ఏది చేస్తే దానికి అందులో దారి పడుతుంది. ముసలయ్యేదాకా పడుతూనే ఉంటుంది. కానీ ఈ మొదటి మూడేళ్ళలో పడినంత వేగంగా మళ్ళీ పడదు. అందుకు పిల్ల మేలుకుని ఉండాలి. ఎవరో ఒకరు పలకరించాలి."

నేను ఎనిమిదిలోనే బడి మానేశాను. అయినా ఇది అర్థం కాకుండా పోలేదు.

మర్నాడు పదకొండింటికి కడుపునొప్పని సూపర్‌వైజరుకి చెప్పి పిల్లల గదికి వెళ్ళాను. ఆ వేళప్పుడు తల్లులు రాకూడదు. ఆకుపచ్చ తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆయమ్మ ఒళ్ళో పొడుగక్క కూతురు, పది నెలలది. ముక్కు మూసి, సీసా మూతతో దాని నోట్లో దగ్గు మందు పోస్తోంది. ఆ పిల్లకి దగ్గు లేదు. అదే మూతతో పక్క పిల్లకీ పోసింది. సీసా నేను కుట్టిన పూల సంచిలోకి పోయింది.

"ఏంటిది ఆయమ్మా?"

ఆవిడ ఉలిక్కిపడనైనా లేదు. "ఏం చెయ్యమంటావు? నేనొక్కదాన్ని, వీళ్ళు ఇరవై మంది. ఏడుపు వినిపిస్తే మీరు మిషన్లు వదిలి పరిగెత్తుకొస్తారని ఆఫీసులో నన్ను తిడతారు. ఈ సీసాలు నేను కొంటున్నాననుకున్నావా?"

"గుండుకి ఎన్నాళ్ళ నుంచి?"

"వచ్చిన మూడో రోజు నుంచి. తెగ ఏడ్చేది కదా."

పదహారు నెలలు. నేను మూడు నెలల్లో కాలరు నేర్చుకున్నాను. నా కూతురు పదహారు నెలల పాటు పడుకోవడం నేర్చుకుంది.

భోజనాల గదిలో నిలబడి అందరికీ చెప్పాను. గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. పొడుగక్క నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది.

"ఊరుకోవే తల్లీ! ఆ గది మూసేస్తే పిల్లల్ని ఎవరి మొహాన పడేస్తాం?"

"అక్కా, నీ పిల్లకి పోస్తుంటే నా కళ్ళతో చూశాను."

"చూడకుండా ఉండాల్సింది."

అదే ఆవిడ నాతో అన్న ఆఖరి మాట.

గుండుని ఎత్తుకుని వచ్చేశాను. ఉద్యోగమూ అంతటితో సరి. పై ఆఫీసుకి అర్జీ రాశాను. ఇద్దరు వచ్చి చూసి, గది చాలా ప్రశాంతంగా ఉందని రాసుకుని వెళ్ళారట.

మొదటి వారం గుండు ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఈ రెండు నెలలుగా నేను వసపిట్టలా వాగుతూనే ఉన్నాను. ఇది చెంచా, ఇది తలుపు, అదిగో వాన. నా పెదాల వంకే చూస్తుంది. నిన్న "మ్" అంది. ఆలస్యమైంది కానీ అయిపోలేదంటుంది డాక్టరమ్మ. ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేనంటుంది.

ఆ గేటు దగ్గర ఇప్పుడు నన్ను నిలబడనివ్వరు. ఇది చదువుతున్న మిమ్మల్ని అక్కడ ఎవరూ ఎరగరు కదా. ఒక్కసారి పొద్దున పదకొండింటికి ఆకుపచ్చ తలుపు దాకా వెళ్ళి, పొడుగక్క కూతురు ఎలా ఉందో చూసి రండి. కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది. ఏడుస్తుంటే ఫరవాలేదు. నిద్రపోతుంటే లేపండి.