సన్నాయి పట్టే పన్ను

2006 ఎండాకాలం. అనకాపల్లిలో పెళ్లిళ్లకు సన్నాయి వాయించే బంగారయ్య దేవరాపల్లి నుంచి వస్తూ బండి మీంచి పడ్డాడు. పైవరుసలో ముందుపన్ను సగానికి విరిగింది. మర్నాడు సన్నాయి నోట పెట్టుకుంటే విరిగిన అంచు పెదవిని కోసింది. ఊదిన గాలి పక్కకు జారిపోయింది.

భార్య నూకరత్నం అతన్ని పళ్ల డాక్టరు శాంతికుమారి దగ్గరికి తీసుకెళ్లింది.

"పీకేయండమ్మా. నొప్పి పడలేకపోతన్నాను," అన్నాడు.

డాక్టరు ఎక్స్‌రే చూసింది. "వేరు గట్టిగా ఉంది బంగారయ్యగారూ, పీకడం ఎందుకు? దెబ్బతిన్న నరం తీసి మందు నింపుతాను. మిగిలిన పన్నును కాస్త అరగదీసి, దానిమీద పన్ను రంగులోనే గట్టి తొడుగు వేస్తాను. క్యాప్ అంటారే, అదే."

"ఊదితే ఊడొచ్చేత్తాదేటో?" అంది నూకరత్నం.

డాక్టరు కొంచెం ఆలోచించింది. "క్యాప్ పెట్టేరోజు సన్నాయి తెచ్చుకోండి. ఇక్కడే చూసుకుందాం."

నరం వైద్యం అయ్యాక నొప్పి పోయింది. మెత్తటి ముద్ద కొరికించి కొలత తీసుకున్నారు. క్యాప్ విశాఖపట్నంలో తయారై వచ్చింది. డాక్టరు దాన్ని ముందు తాత్కాలికంగా అంటించి, "వాయించండి," అంది.

కుర్చీలో కూర్చునే బంగారయ్య ఊదాడు. స్వరం బొంగురుగా వచ్చింది.

"పెదాలకి అడ్డొత్తందమ్మా. కూసింత పొడుగైనట్టుంది."

ఆమె తీసి, అంచు అరగదీసి, మళ్లీ పెట్టింది. ఈసారి పెదవి కుదురుకుంది. ఒక్క స్వరంతో ఆపుదామనుకున్నవాడు మోహన రాగం ఎత్తుకున్నాడు. బయట బల్ల మీద దవడ పట్టుకు కూర్చున్న పెద్దాయన లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. డాక్టరు గ్లవ్సు చేతులతో అలాగే నిలబడి చివరిదాకా విన్నది.

బంగారయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఇది మాకు కూడెట్టే నోరమ్మా. పీకెయ్యమని నేనే అన్నాను. మీరు నిలబెట్టేరు."

"వేరు మీదేనండీ. నేను పైన కప్పానంతే," అంటూ ఆమె క్యాప్‌ను సిమెంటుతో గట్టిగా అంటించింది. "ఆ పంటితో చెరకు మాత్రం కొరక్కండి."

తర్వాతి నెల ఉపమాకలో పెళ్లి. నూకరత్నం మొదట మొగుడి పెదాలనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆ సంగతే మర్చిపోయి పాట విన్నది.

సన్నాయి ఎత్తేముందు గురువును తలచుకోవడం బంగారయ్యకు అలవాటు. ఆ పెళ్లినుంచి డాక్టరమ్మను కూడా తలచుకుంటున్నాడు.