తప్పు ఒప్పుకున్న కాగితాలు

మా చెల్లెలు ఆసుపత్రి దుప్పట్లు ఉతికించి ఇచ్చే పని చేస్తుంది. ఒకప్పుడు రెండు ఆసుపత్రులుండేవి. ఒకటి పోయింది, నా వల్లే. ఆమె డీజిల్ వ్యాన్ కొనేటప్పుడు స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "గుండె గట్టిది, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాను. అది ఒకే నెలలో మూడుసార్లు దారిలో ఆగింది. ఉతికిన దుప్పట్లు రోడ్డు మీద, రోగులు ఉత్త పరుపుల మీద. నేను ఒప్పుకోలేదు. డ్రైవర్‌కి తోలడం రాదన్నాను, డీజిల్ కల్తీ అన్నాను. ఆమె ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మిగిలిన ఆ ఒక్క ఆసుపత్రీ ఇప్పుడు పొగ వదిలే బండ్లను లోపలికి రానివ్వనంటోంది. అందుకే వాడిన కరెంటు ట్రక్కు ఒకటి చూడ్డానికి నన్ను రమ్మంది. ముప్పై ఏళ్ళు డీజిల్‌లో మునిగిన మెకానిక్‌తో ఆ బండికేం పనో నాకు తెలియలేదు. కాలం మారిందట. మారేముందు నాతో మాటమాత్రం చెప్పలేదు.

అమ్మేది ఒక బేకరీ యజమాని. పొట్ట ముందొస్తే మనిషి వెనక వచ్చాడు. "మధ్యాహ్నం ఇంకొకాయన వస్తున్నాడమ్మా. ఆయన మీలా ప్రశ్నలడిగే రకం కాదు" అన్నాడు.

నేను అలవాటు కొద్దీ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాను.

చెల్లెలు నవ్వాపుకుంది. "అన్నయ్యా, దాని గుండె చప్పుడు చెయ్యదు."

"చప్పుడు చెయ్యని గుండె శవానికుంటుంది."

"ఇవి చూడు" అని సంచిలోంచి కాగితాలు తీసింది. "సర్వీస్ బులెటిన్లు. ఈ మోడల్‌కి ఏ జబ్బు వస్తుందో, ఏ నెంబర్ల బండ్లకి వస్తుందో, ఎలా బాగుచెయ్యాలో కంపెనీ తన మెకానిక్‌లకి రాసినవి. మొత్తం ఏడు దొరికాయి."

"తమ పెరుగు పుల్లనని ఎవరైనా చెప్పుకుంటారా?"

"బయటికి చెప్పరు. ఇంట్లోవాళ్ళకి చెప్పకపోతే రోజూ అదే పెరుగు తోడుపెడతారుగా!"

నా చదువు అయిదో తరగతిలోనే ఆగింది. అన్ని అక్షరాలు ఒకేచోట కనిపిస్తే నాకు చెమట పడుతుంది. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. కాగితాలు నా చేతికివ్వలేదు. పిండిబస్తా ఒకటి చక్రం పక్కకి జరుపుకుని కూర్చుంది. "నేను చదువుతా, నువ్వు చూడు" అంది.

మొదటి రెండింట్లోనూ ఈ బండి నెంబరు లేదు. మూడోదానిలో ఉంది. బ్యాటరీని చల్లబరిచే నీళ్ళ గొట్టం అతుకు దగ్గర కారుతుందట. అతుకు మార్చిన బండికి నట్టు మీద తెల్లరంగు గీత ఉంటుందట.

"అవన్నీ ఎప్పుడో చేయించానమ్మా" అన్నాడు బేకరీ ఆయన.

"రసీదుందా?"

"నా మాటే రసీదు."

అట్టముక్క పరుచుకుని కిందికి దూరాను. మోకాళ్ళు నన్ను బూతులు తిట్టాయి. టార్చి వేసి చూశాను. నట్టు మీద తెల్లగా ఉంది.

"ఉంది! గీత ఉంది!"

"నిజంగానా?" పైనుంచి చెల్లెలి గొంతు చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "అయితే తీసుకుంటానండీ. ఇంకొకాయన్ని రావద్దనండి."

కన్ను చూసింది వేలు కూడా చెప్పాలి, అది నా అలవాటు. గీతని తాకాను. పొడిపొడిగా రాలింది. కింద తడి, వేళ్ళ మధ్య జిగట. రంగు కాదది. చుక్కచుక్కగా కారిన నీళ్ళు ఎండి కట్టిన ఉప్పు.

బండి కింద నేను, నా టార్చి. చూసినవాళ్ళు లేరు. నోరు మూసుకుంటే నా పెద్దరికం మిగులుతుంది. కానీ ఆ అతుకు ఊడిన రోజు మళ్ళీ దుప్పట్లు రోడ్డు మీదే.

"చెల్లీ, ఆగు. తప్పు చెప్పాను. అది గీత కాదు, కారిన మరక. అతుకు మార్చలేదు." నోరు తెరిచాక ఇక ఆగలేదు. "ఆ వ్యాన్ కూడా నా తప్పే. డ్రైవర్ బాగానే తోలాడు."

చెల్లెలు చక్రం పక్కన వంగి కిందికి చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"తెలుసన్నయ్యా. బయటికి రా, దుమ్ము."

బేకరీ ఆయన ఆ కాగితం లాక్కుని చదివాడు. 'నడుస్తుండగా బండి హఠాత్తుగా ఆగిపోవచ్చు' అన్న చోట ఆయన ముఖం పాలిపోయింది. "రోజూ మా అల్లుడే తోలతాడమ్మా దీన్ని" అన్నాడు.

"మరి చేయించానన్నారుగా?" అంది చెల్లెలు.

"నేను చేయించింది... వైపర్లు."

వెంటనే కంపెనీ సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేశాడు. బ్యాటరీ గ్యారంటీ ఇంకా ఉంది కాబట్టి గురువారం వాళ్ళే అతుకు మారుస్తామన్నారు. మార్చాక తీసుకుంటానంది చెల్లెలు. తర్వాత ఇంకొకాయనకి చేసి, "మీరు రాకండి సార్, బండి ఈ అమ్మాయిది" అన్నాడు.

తిరుగుబస్సులో చెల్లెలు మిగిలిన నాలుగు కాగితాలు తీసింది. నాకు మాత్రమే వినిపించేలా మెల్లగా చదువుతూ ఒకచోట ఆగింది.

"సస్పెన్షన్ బుష్ అంటే ఏంటి?"

చెల్లెలి మోచెయ్యి పట్టుకుని మెల్లగా మడిచి చాపాను. "ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తగా ఉంటుందే, అలాంటిది. అరిగితే ఇనుముకి ఇనుము కొట్టుకుంటుంది."

"అయితే గురువారం అదీ చూద్దువుగాని" అని తర్వాతి వాక్యంలోకి వెళ్ళింది. మోచెయ్యి మాత్రం నా చేతిలోనే ఉంచింది.